1899 సెవానీ కాలేజీ ఫుట్‌బాల్ జట్టు: ఆరు రోజుల్లో ఐదు మ్యాచ్‌లు గెలిచారట, నమ్మొచ్చా?

దారినపోయే_దానయ్య

పోయిన శనివారం నాష్‌విల్ నుంచి చట్టనూగా వెళ్తూ, మాంటీగిల్ దగ్గర హైవే దిగి సెవానీ చూసొచ్చాం. మావాడికి కాలేజీల వేట నడుస్తోంది లెండి. కొండమీద రాతి కట్టడాలు, చుట్టూ అడవి, ఊరంతా కాలేజీయే. అసలు పేరు యూనివర్సిటీ ఆఫ్ ద సౌత్ అయినా జనం నోట్లో మాత్రం సెవానీయే. అక్కడి షాపులో ఒక టీషర్టు వెనక ఐదు స్కోర్లు వరసగా అచ్చేసి ఉన్నాయి. టెక్సస్ 12-0, టెక్సస్ ఏ అండ్ ఎం 10-0, టులేన్ 23-0, ఎల్‌ఎస్‌యూ (లూసియానా స్టేట్ యూనివర్సిటీ) 34-0, ఓల్ మిస్ (మిసిసిపీ యూనివర్సిటీ) 12-0. ఆ కింద "ఏడో రోజున విశ్రమించారు" అని బైబిల్ ఫక్కీలో ఒక ముక్క. 1899 నాటి సంగతట.

అమెరికా వచ్చాక ఇక్కడి ఫుట్‌బాల్, అదే బంతి చేత్తో పట్టుకుని పరిగెత్తే ఆట, దాని పిచ్చి పట్టినవాణ్ణి నేను. శనివారం ఆడితే మళ్ళీ శనివారం దాకా కుర్రాళ్ళని ఐసు తొట్లలో నానబెట్టడం చూస్తున్నాం. ఈ జట్టు ఆరు రోజుల్లో ఐదు మ్యాచ్‌లు, అదీ టెక్సస్ నుంచి టెనెసీ దాకా తిరుగుతూ, ఒక్క పాయింటు ఇవ్వకుండా గెలిచిందంటే ఎవరో కోతలు కోస్తున్నట్టే ఉంది. పైగా టచ్‌డౌన్‌కి, అంటే బంతిని అవతలివాళ్ళ గీత దాటిస్తే, ఆరు పాయింట్లు కదా, 23 ఎలా వస్తుంది? ఆ తిరుగుడికి డబ్బు ఎవరు పెట్టారు? తెలిసినవాళ్ళు కాస్త విడమరిచి చెప్తే మావాడికి చెప్పుకుంటాను. వాడు నన్ను ఏ ప్రశ్నా అడగడు గానీ, నాకే ఉబలాటం.

పాతపద్దు

నిజమే దానయ్య గారూ. కోతలేం లేవు. టీషర్టు మీది ఏడో రోజు మాట ఒక్కటే చమత్కారం కోసం సాగదీసింది. 1899 నవంబరు 9 గురువారం ఆస్టిన్‌లో టెక్సస్‌తో ఆడారు. 10 శుక్రవారం హ్యూస్టన్‌లో టెక్సస్ ఏ అండ్ ఎంతో. 11 శనివారం న్యూ ఆర్లియన్స్‌లో టులేన్‌తో. 12 ఆదివారం ఆట లేదు. 13 సోమవారం బేటన్ రూజ్‌లో ఎల్‌ఎస్‌యూతో, 14 మంగళవారం మెంఫిస్‌లో ఓల్ మిస్‌తో. అంటే విశ్రమించింది నాలుగో రోజున. అది ఎపిస్కోపల్ చర్చి వాళ్ళ కాలేజీ, ఆదివారం బంతి ముట్టే ప్రసక్తే లేదు. ఆ రోజు చెరకు తోట చూడ్డానికి వెళ్ళారు.

నాకు పాత సీజన్ల స్కోర్ల పక్కన రైలు దారుల మ్యాపు పరుచుకుని చదివే వ్యసనం ఉంది. అందుకే నాకు ఈ కథలో హీరో బంతి పట్టుకుని పరిగెత్తినవాడు కాడు, టికెట్లు కొన్నవాడు. ల్యూక్ లీ అని ఇరవయ్యేళ్ళ కుర్రాడు, జట్టు మేనేజరు, వాడూ విద్యార్థే. అప్పట్లో జట్టు నడపడమంటే ఉత్తరాలు రాయడం, టెలిగ్రాములు కొట్టడం, గేటు దగ్గర వసూలైన డబ్బులో వాటా తేల్చుకోవడం. అది చాలామటుకు స్టూడెంటు మేనేజర్ల నెత్తినే ఉండేది.

సెవానీకి దగ్గరలో ఉన్న పెద్ద ప్రత్యర్థి నాష్‌విల్‌లోని వాండర్‌బిల్ట్. జనం విరగబడే మ్యాచ్ అదే, నాలుగు డబ్బులొచ్చే మ్యాచ్ కూడా అదే. ఆ గేటు డబ్బుల పంపకం దగ్గరే రెండు కాలేజీలకీ చెడింది. 1899లో ఆ మ్యాచ్ లేదు. చిన్న కాలేజీ, కొండమీద, రైలెక్కి వచ్చి చూసే జనం లేరు. పద్దులో ఆ చిల్లు పూడ్చాలంటే జట్టే జనం ఉన్న చోటికి పోవాలి. లీ టెక్సస్, లూసియానా, మెంఫిస్ వాళ్ళతో ఒప్పందాలు కుదుర్చుకుని అన్నిట్నీ ఒకే వారంలో ఇరికించాడు. ఎందుకలా ఇరికించాడు అంటే నా లెక్క నాది: ఇరవై మందికి పైగా కుర్రాళ్ళు హోటల్లో కూర్చుని తింటే, వచ్చిన గేటు డబ్బు వాళ్ళ భోజనాలకే సరి. రాత్రిపూట స్లీపర్ బోగీలో పడుకోబెట్టి, పగలు మైదానంలోకి దింపితే, గది అద్దె మిగిలినట్టే. మొత్తం రానూపోనూ 2,500 మైళ్ళ ప్రయాణం.

బోగీలో ఏం వేసుకెళ్ళారో చూడండి. కొండమీద ట్రెమ్లెట్ ఊట అని ఉంది, ఆ నీళ్ళు రెండు పీపాలు నింపి ఎక్కించారు. ఊరు మారితే నీళ్ళు పడవు, కడుపులు చెడతాయి, సగం జట్టు మంచాన పడుతుంది అని. మన పెద్దవాళ్ళు ప్రయాణాల్లో మరచెంబు మోసుకెళ్ళినట్టే. ఇంత జాగ్రత్తపడ్డ మనిషి బూట్ల మూట స్టేషన్లోనే వదిలేశాడని, తర్వాత టెలిగ్రాం కొట్టి వేరే రైల్లో తెప్పించుకున్నాడని ఒక కథ కూడా చెప్పుకుంటారు. నాకైతే నమ్మబుద్ధేస్తుంది. నీళ్ళ గురించి ఆలోచించేవాడు బూట్లు మరిచిపోవడం లోకసహజం.

ఇక మీ పాయింట్ల లెక్క. 1899లో టచ్‌డౌన్‌కి 5 పాయింట్లు. దాని తర్వాత బంతిని గోలు స్తంభాల మధ్యనుంచి తన్ని గోల్ కొడితే 1. ఫీల్డ్ గోల్‌కి (టచ్‌డౌన్ లేకుండా ఆట మధ్యలోనే అలా తన్నితే) కూడా 5, సేఫ్టీకి (బంతి పట్టుకున్నవాణ్ణి వాడి సొంత గీత వెనకే పడేస్తే) 2. టచ్‌డౌన్‌కి 6 వచ్చింది 1912లో. కాబట్టి 12 అంటే రెండు టచ్‌డౌన్లు, రెండు గోల్స్. 10 అంటే రెండు టచ్‌డౌన్లు, గోల్స్ రెండూ గురి తప్పాయి. 23 అంటే నాలుగు టచ్‌డౌన్లు, మూడు గోల్స్ అనుకుంటే సరిపోతుంది. సేఫ్టీలు కలిస్తే ఇంకో రకంగానూ వస్తుంది గానీ.

ఆట కూడా మీరు టీవీలో చూసేది కాదు. ఫార్వర్డ్ పాస్, అంటే బంతిని ముందుకి విసరడం, నిషిద్ధం. మూడు డౌన్లలో, అంటే మూడు ప్రయత్నాల్లో, ఐదు గజాలు పోవాలి, అంతే. ఐదు గజాలే కదా అని ఎవడూ పక్కకి పరిగెత్తడు, తల వంచుకుని గుంపులోకి దూరడమే. మనవాడు బంతితో ఇరుక్కుపోతే వెనకనుంచి నెట్టొచ్చు, ముందునుంచి లాగొచ్చు. పట్టుకుని లాగడానికి వీలుగా నడుము పట్టీలకి పిడులు కుట్టించుకునేవాళ్ళు. మైదానం 110 గజాలు. ఒక్కో సగం 35 నిమిషాలు, ఇద్దరు కెప్టెన్లూ ఒప్పుకుంటే తగ్గించుకోవచ్చు. అదే పదకొండు మంది దాడీ చేయాలి, కాపలా కాయాలి. ఒకసారి బయటికొచ్చినవాడు మళ్ళీ లోపలికి పోకూడదు.

ఫిజియో_ఆన్_కాల్

మా ఇంటాయన ఈ లింకు పంపి "నువ్వు చెప్పు, ఇది సాధ్యమా?" అన్నారు. రోజూ చూసేది దెబ్బలు తగిలిన మోకాళ్ళనే కాబట్టి ఒక మాట చెప్తాను.

అలవాటు లేని శ్రమ చేస్తే కండరాల నొప్పి అసలు పట్టేది అదే రోజున కాదండీ. ఒకటి నుంచి మూడు రోజుల మధ్యన పట్టుకుంటుంది. అంటే గురువారం ఆస్టిన్‌లో పడ్డ శ్రమ శుక్ర, శనివారాల్లో బయటపడాలి. అప్పటికి వాళ్ళు మూడో మ్యాచ్‌లో ఉన్నారు. కానీ శరీరం అలవాటు పడుతుంది కూడా. రోజూ అదే మోటు ఆట సాధన చేసే ఇరవయ్యేళ్ళవాళ్ళకి నొప్పి మనమనుకునేంత రాదు. అదీగాక ఇప్పటి కుర్రాళ్ళ బరువూ వేగమూ వేరు. అప్పుడు గుంపులో నెట్టుకునేవాళ్ళు, ఇప్పుడు దూరంనుంచి పరిగెత్తుకొచ్చి ఢీకొడతారు. కాబట్టి ఆడటం సాధ్యమే అంటాను.

కానీ ఆడగలగడం వేరు, బాగుండటం వేరు. హెల్మెట్ లేదు. జుట్టు పెంచుకుని అదే తలకి రక్ష అనుకునేవాళ్ళు, ముక్కుకి రబ్బరు తొడుగు పళ్ళతో కరిచి పట్టుకునేవాళ్ళు. తలకి దెబ్బ తగిలి కళ్ళు బైర్లు కమ్మినవాడు లేచి నిలబడితే చాలు, ఆట కొనసాగేది. ఇవాళ మేం అలాంటివాణ్ణి రోజులకొద్దీ మైదానం దరిదాపులకి రానివ్వం. పాతపద్దు గారూ, ఆ జట్టులో ఎవరికి ఏమైందో తెలుసా? గెలిచిన లెక్కలే చెప్పారు మీరు.

పాతపద్దు

మంచి ప్రశ్న వేశారు మేడం. కెప్టెన్ హెన్రీ సీబెల్స్, అందరూ డిడ్డీ అని పిలిచేవారు. ఆస్టిన్‌లో మొదటి మ్యాచ్‌లోనే నుదురు చిట్లింది. బయటికి పోతే మళ్ళీ రాకూడదన్న రూలు ఉంది కదా, రక్తం కారుతుంటే పట్టీ అంటించుకుని అలాగే ఆడాడు. తర్వాత చాలాకాలం బతికాడు, బర్మింగ్‌హామ్‌లో ఇన్సూరెన్సు వ్యాపారం చేసుకున్నాడు, 1973లో కాలేజీ ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో పేరెక్కింది.

ఫుల్‌బ్యాక్ ఆర్మండ్ సిమ్‌కిన్స్ కథ అలా లేదు. గుంపులోకి తలదూర్చే పని ఫుల్‌బ్యాక్‌దే, జట్టులో అందరికంటే ఎక్కువ దెబ్బలు తిన్నది అతనే. తర్వాతి రోజుల్లో రెండు కాళ్ళూ తీసేయాల్సొచ్చింది. ఆటలో తిన్న దెబ్బలే కారణమని చెబుతారు. ఉక్కు మనుషులు అని పొగిడేవాళ్ళు ఈ పేరు దగ్గర కాస్త ఆగితే బావుండును.

మొత్తం ఆటకే ఆ తీరు ముదిరి పాకాన పడింది తర్వాత. 1905 సీజన్‌లో దేశం మొత్తం మీద కనీసం 18 మంది చచ్చిపోయారు, ఎక్కువమంది హైస్కూలు, చిన్న కాలేజీల పిల్లలు. ఆ అక్టోబరులోనే ప్రెసిడెంట్ థియోడర్ రూజ్‌వెల్ట్ హార్వర్డ్, యేల్, ప్రిన్‌స్టన్ వాళ్ళని వైట్ హౌస్‌కి పిలిపించి ఆట సంగతి చూడమన్నాడు. మరుసటి ఏడు రూల్సు మారాయి. ఐదు గజాలు పది అయ్యాయి, ఫార్వర్డ్ పాస్‌కి అనుమతి వచ్చింది. గుంపుని విడదీయడానికే అదంతా. ఇప్పుడు మనం చప్పట్లు కొట్టే పొడుగాటి పాసులు పుట్టింది అలాగే.

స్టాండ్స్‌లో_సీటు

అందరూ భజన చేస్తున్నారు కాబట్టి నేను కాస్త ఉప్పు చల్లుతాను, ఏమనుకోవద్దు.

1899లో అసలు ఫుట్‌బాల్ ఎక్కడ ఉంది? ఈశాన్యంలో. హార్వర్డ్ ఆ ఏడాది ఒక్క మ్యాచ్ కూడా ఓడలేదు, యేల్‌తో 0-0 డ్రా తప్ప అన్నీ గెలిచింది. వాల్టర్ క్యాంప్ అనే ఫుట్‌బాల్ పెద్దమనిషి దేశంలోని మేటి ఆటగాళ్ళని ఏరి వేసిన ఆల్ అమెరికా జట్టులో దక్షిణాది వాడు ఒక్కడూ లేడు. అక్కడ ఆట మొదలై అప్పటికి ముప్ఫై ఏళ్ళు, రట్గర్స్, ప్రిన్‌స్టన్ ఆడుకున్నది 1869లో. దక్షిణాదిలో చాలా కాలేజీలకి అదింకా కొత్త సరదా. టులేన్, ఎల్‌ఎస్‌యూ అప్పుడేం కొమ్ములు తిరిగిన జట్లు కావు. ఇవాళ ఎల్‌ఎస్‌యూ పేరు వినగానే లక్షమంది పట్టే స్టేడియం గుర్తొస్తుంది కాబట్టి 34-0 అంటే నోరెళ్ళబెడుతున్నాం.

ప్రయాణాల గొప్పే కావాలంటే అదే ఏడు కార్లైల్ ఇండియన్ స్కూలుని చూడండి. పెన్సిల్వేనియాలో ప్రభుత్వం నడిపిన బడి. అమెరికన్ ఇండియన్ తెగల పిల్లల్ని ఇళ్ళనుంచి తెచ్చి జుట్టు కత్తిరించి ఇంగ్లీషు నేర్పిన చోటు. పాప్ వార్నర్ అక్కడ కోచ్‌గా చేరిన మొదటి సీజన్ అది. పెన్సిల్వేనియా యూనివర్సిటీని 16-5తో కొట్టారు. హార్వర్డ్ మీద 22-10తో ఓడారు గానీ, హార్వర్డ్ మీద పది పాయింట్లు సంపాదించడమే గొప్ప. కొలంబియాని 45-0తో చిత్తు చేశారు. తర్వాత రైలెక్కి ఈ చివర్నుంచి ఆ చివరికి, శాన్ ఫ్రాన్సిస్కోలో క్రిస్మస్ రోజున కాలిఫోర్నియాని 2-0తో గెలిచారు. ఒక్క సేఫ్టీ, అంతే మ్యాచ్. వాళ్ళలో ఐజాక్ సెనెకా క్యాంప్ ఆల్ అమెరికా జట్టులోకి ఎక్కాడు. ఆడింది పెద్ద జట్లతో. నా ఓటు కార్లైల్‌కే.

పాతపద్దు

సీటు గారూ, కార్లైల్ విషయంలో మీతో వాదన లేదు. ఆ జట్టు గురించి వేరే దారం (థ్రెడ్) తెరిస్తే మొదటి టపా నాదే. టులేన్, ఎల్‌ఎస్‌యూ సంగతి కూడా ఒప్పుకుంటాను. కానీ ఆస్టిన్‌లో సెవానీ దిగేనాటికి టెక్సస్ ఆ సీజన్‌లో ఓటమి ఎరగదు. సొంత ఊళ్ళో, సొంత జనం ముందు, రెండు రాత్రుళ్ళు రైల్లో పడి వచ్చిన జట్టు చేతిలో ఓడింది.

అయినా నన్నడిగితే ఆ ఐదు మ్యాచ్‌లూ పక్కన పెట్టేయండి. సీజన్ మొత్తం పన్నెండు. అన్నీ గెలిచారు. ముందు అట్లాంటాలో జార్జియా 12-0, జార్జియా టెక్ 32-0. తర్వాత టెనెసీ 46-0, సౌత్‌వెస్టర్న్ ప్రెస్బిటేరియన్ 54-0. అప్పుడు మీ టీషర్టు వారం. తిరిగొచ్చాక కంబర్లాండ్ 71-0. అప్పటికి పది మ్యాచ్‌లు, ప్రత్యర్థుల ఖాతాలో గుండుసున్నా. అసలు మ్యాచ్ ఆ తర్వాత ఉంది. నవంబరు 30, థాంక్స్‌గివింగ్ రోజు, మాంట్‌గోమరీలో ఆబర్న్‌తో. అవతలి కోచ్ జాన్ హైస్మన్. ఏటా ఉత్తమ ఆటగాడికి ఇచ్చే ట్రోఫీ ఎవరి పేరుమీద ఉందో, ఆ హైస్మనే.

హైస్మన్ తన కుర్రాళ్ళకి ఒక ఉపాయం నేర్పాడు. ఒక డౌన్ అయ్యీ అవగానే లేచి నిలబడి బంతి మళ్ళీ అందించేయడం, అవతలివాడు ఊపిరి తీసుకునేలోపు. సెవానీ వాళ్ళు ఎప్పుడూ తాము నెట్టడమే గానీ తమని నెట్టించుకోవడం ఎరగరు. ఆ సీజన్‌లో మొదటిసారి వెనక్కి పోయారు. ఆబర్న్ రెండు టచ్‌డౌన్లు చేసింది. చివరికి స్కోరు సెవానీ 11, ఆబర్న్ 10. చావు తప్పి కన్ను లొట్టపోవడమంటే ఇదే. సీజన్ మొత్తం 322 పాయింట్లు చేసి ఇచ్చింది 10, ఆ పదీ ఇక్కడే ఇచ్చారు.

ఇద్దరికీ రెండేసి టచ్‌డౌన్లే. ఆ ఒక్క పాయింటు ఎక్కడిదో చెప్తాను, ఎందుకంటే ఇప్పటివాళ్ళకి ఆ గోల్ కిక్ ఎంత కష్టమో తెలీదు. ఇప్పుడు టచ్‌డౌన్ ఎక్కడ చేసినా కిక్ స్తంభాల ఎదురుగానే కొడతారు, నిద్రలో కొట్టినా పడుతుంది. అప్పుడు రగ్బీ పద్ధతి. బంతి గీత అవతల ఎక్కడ నేలకి తాకించారో, అక్కణ్ణుంచి తిన్నగా మైదానంలోకి తెచ్చుకుని ఆ వాలులోనే కొట్టాలి. మూలన టచ్‌డౌన్ చేస్తే స్తంభాలు రెండూ ఒకదాని వెనక ఒకటి నిలబడ్డట్టు కనిపిస్తాయి. తన్నేవాడికి బంతి పట్టుకునేవాడు నేలమీద బోర్లా పడుకుని, రెండు అరచేతుల మధ్య దాన్ని నిలబెట్టి, నేలకి అంగుళంపాటు పైన ఆపి ఉంచుతాడు. అవతలి జట్టు పదకొండు మందీ గోలు గీత మీద వరసగా కాచుకుని ఉంటారు. బంతి నేలకి ఆనిందా, అందరూ ఒక్కసారిగా మీదికి ఉరుకుతారు. ఆ లోపు తన్నాలి. వాలు మరీ పాడుగా ఉంటే ఇంకో దారి ఉండేది. గీత వెనకనుంచి ఒకడు బంతిని మైదానంలో ఉన్న తనవాళ్ళ వైపు తన్నాలి, వాళ్ళు పట్టుకుంటే పట్టుకున్న చోటినుంచి కిక్ కొట్టుకోవచ్చు. జారిపోతే అవకాశం గోవిందా. సెవానీకి రెండిట్లో ఒకటి పడింది, ఆబర్న్‌కి ఒక్కటీ పడలేదు. సీజన్ అంతా ఆ ఒక్క తన్ను మీద నిలబడింది.

విచిత్రం ఏంటంటే, దానికి ఐదు రోజుల ముందు నవంబరు 25న ప్రిన్‌స్టన్ కూడా యేల్‌ని సరిగ్గా 11-10తోనే గెలిచింది. ఆఖరి నిమిషంలో ఆర్థర్ పో డ్రాప్ కిక్‌తో, అంటే బంతిని నేలకి జారవిడిచి తన్ని, ఫీల్డ్ గోల్ కొట్టాడు, ఐదు పాయింట్లు వచ్చాయి. తూర్పున ఆ మ్యాచ్ గురించి పేపర్లు నిండిపోయాయి, మాంట్‌గోమరీ సంగతి వాళ్ళకి పట్టలేదు. మీరన్న ఈశాన్యం గొప్పలో సగం పేపర్లు అక్కడ ఉండటం వల్లే సీటు గారూ.

హైస్మన్ ఆ ఓటమిని జీర్ణించుకోలేదు. అంపైర్ అన్యాయం చేశాడని పేపరుకి పెద్ద ఉత్తరం రాశాడు, అంపైర్ కూడా ఊరుకోకుండా జవాబు రాశాడు. ఫోరంలు లేని రోజుల్లో ఇవే ఫోరంలు. ఇక సెవానీ వాళ్ళకి ఆ గొడవ చదివే తీరికే లేదు. రెండు రోజులకి, డిసెంబరు 2న, అట్లాంటాలో నార్త్ కరోలినాతో ఆడి 5-0తో గెలిచారు.

దారినపోయే_దానయ్య

అయ్యబాబోయ్, టీషర్టు మీద ఒక గీత చూసి అడిగితే ఇంత వచ్చిందా! ఇంకో మాట. అంత జట్టు ఉన్న కాలేజీ ఇప్పుడు టీవీలో ఎక్కడా కనపడదేం? టెక్సస్, ఎల్‌ఎస్‌యూ వాళ్ళని చూడండి, ఒక్కో కోచ్‌కి కోట్ల డాలర్లు. వీళ్ళు ఎందుకు ఎదగలేదు? ఆ మేనేజరు కుర్రాడు ఏమయ్యాడు?

పాతపద్దు

మొదటిదానికి జవాబు సంఖ్యల్లోనే ఉంది. కొండమీద చిన్న కాలేజీ. ప్రభుత్వ యూనివర్సిటీలు వేలమందితో పెరుగుతూ పోయాయి, పెద్ద స్టేడియాలు కట్టుకున్నాయి. అయినా పాత పేరు పుణ్యమా అని 1932లో సౌత్ఈస్టర్న్ కాన్ఫరెన్స్ (దక్షిణాది కాలేజీల లీగు) పుట్టినప్పుడు సెవానీ కూడా వ్యవస్థాపక సభ్యుల్లో ఒకటి. ఆ కాన్ఫరెన్స్‌లో 37 మ్యాచ్‌లు ఆడింది, 37 ఓడింది. టెక్సస్‌ని, ఎల్‌ఎస్‌యూని వారంలో కొట్టిన కాలేజీకి ఒక్క గెలుపు రాలేదు. 1940 చివర్లో తప్పుకున్నారు. ఇప్పుడు ఆడేది మూడో డివిజన్, ఆటకోసం స్కాలర్‌షిప్పులు ఇవ్వరు. నా మటుకు నాకు ఆ తప్పుకోవడం మర్యాదైన పనే అనిపిస్తుంది. మీవాడు అక్కడ చేరి ఫుట్‌బాల్ ఆడదామనుకుంటే జట్టులో చోటు దొరికినా దొరుకుతుంది, టెక్సస్‌లో అయితే నీళ్ళ సీసాలు అందించడానికి కూడా పోటీయే.

ల్యూక్ లీ ఊరుకునే రకం కాదు. 1907లో నాష్‌విల్‌లో టెనెసియన్ పత్రిక పెట్టాడు. 1911లో టెనెసీ తరఫున సెనేటర్ అయ్యాడు, ఆరేళ్ళు చేశాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫిరంగి దళానికి కర్నల్. యుద్ధం అయ్యాక 1919 జనవరిలో కొందరు తోటి సైనికుల్ని వెంటేసుకుని కార్లలో హాలండ్ వెళ్ళి, అక్కడ తలదాచుకున్న జర్మనీ చక్రవర్తి కైజర్ విల్హెల్మ్‌ని ఎత్తుకొద్దామని చూశాడు. ఆ ఇంటిదాకా వెళ్ళారు. కైజర్ బయటికి రాలేదు, డచ్ సైనికులు చుట్టుముట్టారు. ఒకతను మాత్రం అక్కడి బల్లమీది బూడిద గిన్నె జేబులో వేసుకొచ్చాడు. సైన్యం మందలించి వదిలేసింది. ఆరు రోజుల్లో ఐదు మ్యాచ్‌లు ఇరికించినవాడి బుర్రకి తగ్గ పథకమే. తర్వాత బ్యాంకుల వ్యవహారంలో చిక్కుకుని 1930లలో నార్త్ కరోలినాలో జైలుకి వెళ్ళాడు, ఆ మీదట క్షమాభిక్ష కూడా వచ్చింది. నాష్‌విల్‌లో మీరు పిల్లల్ని తీసుకెళ్ళే పెర్సీ వార్నర్ పార్కు ఉంది చూడండి, దానికి స్థలం ఇచ్చింది కూడా ఆయనే.

స్టాండ్స్‌లో_సీటు

కైజర్ సంగతి నాకు తెలీదు పాతపద్దు గారూ. ఆ పార్కులోనే ఏళ్ళ తరబడి వాకింగ్ చేస్తున్నాను! సరే, ఆబర్న్ మ్యాచ్‌కి నా సలాం. మిగతా నాలుగు సున్నాల మీద మాత్రం నా మాట నాదే. టెక్సస్ సున్నా ఒక్కటీ మీకు వదిలేస్తున్నా. కార్లైల్ దారం తెరవండి, అక్కడ తేల్చుకుందాం.

పాతపద్దు

తెరుస్తున్నాను. 1899తో ఆపను, 1907, 1911, 1912 దాకా వెళ్తాను, కార్లైల్ మేటి ఆటగాడు జిమ్ థోర్ప్‌ని వదిలేస్తే పాపం తగులుతుంది. మేడం, మీరూ రండి, ఆ జట్టు దెబ్బల చిట్టా ఇంతకంటే పొడుగు. దానయ్య గారూ, మీరు మళ్ళీ సెవానీ వెళ్తే కొండకింద కోవన్ ఊళ్ళో పాత రైలు సొరంగం, చిన్న రైల్వే మ్యూజియం ఉన్నాయి, చూడండి. కొండ ఎక్కి దిగే రైలుని మౌంటెన్ గోట్ అనేవాళ్ళు. ఆ నీళ్ళ పీపాలు దిగింది ఆ దారినే.